విమానప్రయాణము: దూరమెంత? కాలమెంత?

వైద్యమునకై హైదరాబాదు పోవలసిన రోగి బంధువులును, ఉద్యోగపు ఇంటర్వ్యూకు పోవు యువకులును ముందుగా సలహా అడుగునది పంచాయతీ సభ్యులనే. “కడపలో విమానమెక్కిన గంటకు హైదరాబాదు” అను మాట కమలాపురము ప్రాంతమున తరచు వినబడుచున్నది. ఆ మాట అబద్ధము కాదు. కాని ఆ గంటనే నమ్ముకొని ఇల్లు కదలినవారికి పని చెడును.

కడప విమానాశ్రయము 2015 జూన్‌లో ప్రారంభమైనది. ఉడాన్ పథకము క్రింద హైదరాబాదు సర్వీసు 2017 ఏప్రిల్ 27న మొదలైనది.

కడపనుండి నంద్యాల, కర్నూలు మీదుగా హైదరాబాదునకు రోడ్డు సుమారు 400 కిలోమీటర్లు. రోడ్డు కొండలను తప్పించుకొని, ఊళ్లను కలుపుకొని పోవలెను. విమానమునకు ఆ చుట్టు లేదు. కడప, శంషాబాదు విమానాశ్రయముల నడుమ తిన్నని దూరము సుమారు 305 కిలోమీటర్లు. భూమి గుండ్రముగా నున్నందున, బంతిమీద దారము బిగించి కొలిచినట్లు ఈ దూరమును లెక్కింతురు.

ఇట్టి మార్గములలో తిరుగు చిన్న విమానము గంటకు 500 కిలోమీటర్ల వేగముతో పోవుననుకొందము. లెక్క ప్రకారము 37 నిమిషములు చాలును. ఎదురుగాలి 50 కిలోమీటర్ల వేగముతో వీచిన 41 నిమిషములగును. వెనుకగాలి అంతే వీచిన 33 నిమిషములే. అయినను కాలపట్టికలో గంటకు పైగా చూపుదురు. ఏలయన, విమానము నిలిచిన చోటినుండి కదలి రన్‌వే చేరుట, మెల్లగా పైకెక్కుట, దిగుటకు తన వంతుకై వేచియుండుట, దిగిన పిమ్మట నిలుచు చోటికి చేరుట—ఇవన్నియు ఆ కాలములో చేరియుండును.

కాని ప్రయాణికుని కాలము ఇంటి గడపనుండి మొదలగును. కమలాపురమునుండి విమానాశ్రయమునకు ముప్పావు గంట, అచ్చట తనిఖీలకు గంటన్నర, విమానములో గంటా పది నిమిషములు, సామాను తీసికొనుటకు అరగంట, శంషాబాదునుండి నగరములోనికి గంట: మొత్తము దాదాపు అయిదు గంటలు. బస్సులో రాత్రంతా కూర్చుండుటకంటె ఇది మేలే. అయినను పది గంటల ఇంటర్వ్యూకు ఎనిమిదింటి విమానమును నమ్ముకొనరాదు.

సభ్యులు మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. విమాన సర్వీసుల వేళలు, దినములు మారుచుండును. టిక్కెట్టు కొనుటకు ముందే విచారింపవలెను. బయలుదేరుటకు గంట ముందే కౌంటరు మూయుదురు. ఆలస్యమైనచో టిక్కెట్టు చేతనున్నను ఎక్కనీయరు. ప్రాణాపాయములో నున్న రోగికి విమానవేళకై వేచియుండక, 108 వాహనమును పిలిచి సమీపపు ఆసుపత్రికి చేర్పవలెను. అతనికి ఆకాశమార్గముకంటె ఆ దగ్గరి దారియే శీఘ్రమైనది.