ముందు బరువు, తర్వాత కుట్టు

మాచర్ల, గురజాల వైపు పల్లెల్లో గ్రహణం మొర్రితో బిడ్డ పుడితే ముందు తల్లినే అంటారు. గ్రహణం పూట కత్తిపీట ముట్టుకుందని, బయట తిరిగిందని. నిజానికి పై పెదవి అతుక్కునేది గర్భం నిలిచిన 4 నుంచి 7 వారాల్లోపు. అప్పటికి కొందరికి గర్భం నిలిచిన సంగతే తెలియదు. ప్రపంచంలో సుమారు 700 మందిలో ఒకరు ఇలా పుడుతున్నారు, గ్రహణాల పట్టింపే లేని దేశాల్లో కూడా. ఆ నింద అన్యాయం. పైగా తల్లి కుంగిపోతే బిడ్డకు పాలు పట్టేదెవరు? ఆపరేషన్‌కు బిడ్డను సిద్ధం చేయడంలో సగం పని అదే.

పెదవి కుట్టడానికి సర్జన్లు 1960ల నుంచి ఒక లెక్క చూస్తున్నారు: 10 వారాల వయసు, 10 పౌన్ల బరువు అంటే నాలుగున్నర కిలోలు, రక్తంలో 10 గ్రాముల హిమోగ్లోబిన్. మత్తును తట్టుకోవాలన్నా, కుట్లు మానాలన్నా ఒంట్లో ఆ మాత్రం సత్తువ ఉండాలి. అంగిలి కూడా చీలి ఉంటే దాని ఆపరేషన్ సాధారణంగా 9 నుంచి 18 నెలల మధ్య చేస్తారు.

పెదవి మాత్రమే చీలిన బిడ్డ చాలావరకు రొమ్ము పట్టగలుగుతుంది. అంగిలి చీలితే నోట్లో గాలి నిలవదు. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగబోయినట్టే. ఎంత చప్పరించినా పాలు రావు, అలసి నిద్రపోతుంది. అలాంటప్పుడు మన ఉగ్గుగిన్నె అక్కరకొస్తుంది. పిండిన తల్లిపాలు అందులో పోసి, బిడ్డను ఒళ్లో తల ఎత్తుగా కూర్చోబెట్టి, గిన్నె మూతిని బుగ్గ పక్కన ఆనించి కొద్దికొద్దిగా వంచాలి. మింగాకే మళ్లీ పోయాలి. ముక్కులోంచి పాలు వస్తే బెదరక్కర్లేదు, కాసేపు ఆపి ముందుకు వంచితే చాలు. మధ్యమధ్య భుజాన వేసుకుని తేన్పు తెప్పించాలి. అరగంట దాటి సాగదీస్తే తాగిన పాల బలం తాగడానికే ఖర్చయిపోతుంది. వస, ఆముదం మాత్రం ఆ గిన్నెలో వద్దు, పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. మిరపకోతలకు తల్లి కూలికి పోయే ఇళ్లలో ఈ పద్ధతి నాయనమ్మకూ నేర్పాలి.

వారం వారం అంగన్‌వాడీలో బరువు తూయించాలి. తొలి మూడు నెలల్లో వారానికి 150 నుంచి 200 గ్రాములు పెరుగుతుంటే దారిలో ఉన్నట్టే. ఆశా కార్యకర్తకు మొదటి రోజుల్లోనే చూపించడం మేలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో మొర్రి ఉంది, వైద్యం ఉచితం. గుండెలో లోపం ఉందేమో, చెవులు వినిపిస్తున్నాయో లేదో కూడా ముందే చూస్తారు. దగ్గు, జలుబు, జ్వరం ఉంటే ఆపరేషన్ వాయిదా వేస్తారు. ఆపరేషన్‌కు గుంటూరు వెళ్లాలంటే మాచర్ల నుంచి వంద కిలోమీటర్ల పైమాటే కాబట్టి, బయల్దేరే ముందే ఫోన్ చేసి చెప్పడం మంచిది.

ఆపరేషన్‌కు ముందు కడుపు ఖాళీగా ఉండాలి. మామూలుగా తల్లిపాలైతే 4 గంటల ముందు, డబ్బాపాలో గేదెపాలో అయితే 6 గంటల ముందు ఆపేస్తారు. బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే పెద్దవాళ్ల మనసు ఊరుకోదు, చాటుగా రెండు చెంచాలు పట్టేస్తారు. పట్టి ఉంటే డాక్టరుకు చెప్పేయాలి. చెబితే ఆపరేషన్ కొన్ని గంటలు ఆగుతుంది. దాస్తే మత్తులో ఆ పాలు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి రావచ్చు.