పోతే ఒక్క ప్రాణం... వస్తే తొమ్మిది!

కింద సుడులు తిరుగుతూ మున్నేరు. అటు వెళ్దామంటే నీళ్లు, ఇటు వద్దామంటే నీళ్లు. వంతెన మీద తొమ్మిది మంది. ఒడ్డున జనం ఉన్నారు కానీ, చేయి అందించే దారి ఎవరికీ కనిపించడం లేదు.

అది 2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఎగువన మహబూబాబాద్ ప్రాంతంలో కురిసిన కుంభవృష్టికి ఖమ్మం దగ్గర మున్నేరు పోటెత్తింది. అక్కడ నీటిమట్టం 16 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 24 అడుగులైతే రెండోది. ఆ రోజు ఏకంగా 36 అడుగులు దాటింది. కాలనీలు మునిగాయి. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న ఆ తొమ్మిది మందికి గంటలు యుగాల్లా గడిచాయి. హెలికాప్టర్ కోసం ఎదురుచూశారు. వాతావరణం అనుకూలించక అది రాలేకపోయింది.

అప్పుడు కదిలింది... ఓ పొక్లెయినర్ కాదు, పడవా కాదు. రోజూ మట్టి తవ్వే జేసీబీ!

దాని స్టీరింగు పట్టుకున్నది సుభాన్‌ఖాన్. సొంత రాష్ట్రం హరియాణా. పొట్టకూటి కోసం ఇంత దూరం వచ్చి బండి నడుపుకుంటున్న మామూలు డ్రైవరు. ప్రమాదమని చెప్పినా ఆయన ఆగలేదు. ఆయన వేసుకున్న లెక్క చాలా చిన్నది. తాను పోతే పోయేది ఒక్క ప్రాణం. తిరిగొస్తే తొమ్మిది ప్రాణాలు దక్కుతాయి. అంతే!

ఆ లెక్క చెప్పినంత తేలిక కాదు చేయడం. ప్రవహించే నీరు మోకాలి లోతు కూడా లేకపోయినా మనిషిని పడదోస్తుంది. రెండడుగులుంటే చాలు, కార్లను సైతం ఈడ్చుకుపోతుంది. జేసీబీ బరువు ఏడు టన్నులకు పైనే. వెనక చక్రాలు పెద్దవి, ఇంజను కాస్త ఎత్తులో ఉంటుంది. వరదను కొంత తట్టుకునేది అందుకే. కానీ నీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి చూసి చెప్పగలిగే వారెవరు? ఒక్క చక్రం గుంటలో దిగబడితే బండీ, మనిషీ ఏట్లోకే.

సుభాన్‌ఖాన్ వెళ్లాడు. తొమ్మిది మందినీ ఎక్కించుకుని తిరిగొచ్చాడు. ఒడ్డున కేరింతలు, చప్పట్లు! ఆ సందడి వీడియోలు ఊరూరా తిరిగాయి. కేటీఆర్ ఫోన్ చేసి అభినందించారు. వాటన్నిటికంటే ఎక్కువ మందిని కదిలించింది మాత్రం ఆయన కూతురి గొంతు. ఒళ్లంతా వణుకుతోందని, అనుకున్నది నాన్న చేసి చూపించాడని ఆ బిడ్డ అంటుంటే విన్నవారి కళ్లు చెమర్చాయి. ఆ వణుకులో గర్వం ఎంతుందో, భయమూ అంతే ఉంది. ఆయన లెక్కలో ‘ఒక్క ప్రాణం’ అన్నది ఆ అమ్మాయికి నాన్న మరి!

ఈ కథ వింటే గద్వాల, గట్టు ప్రాంతాల వారికి పరాయి మనిషి కథ అనిపించదు. ‘పాలమూరు లేబర్’ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడ ప్రాజెక్టు కట్టినా, కాలువ తవ్వినా ఈ నేల మీది చేతులు ఉండాల్సిందే. ముసలి తల్లిదండ్రులకు పిల్లల్ని అప్పజెప్పి, మూటాముల్లె సర్దుకుని బస్సెక్కిన బతుకులు ఇక్కడ ఎన్నో. మట్టి పని కోసం ఇక్కడివాళ్లు అక్కడికి వెళ్లినట్టే, మట్టి తవ్వే బండితో అక్కడి సుభాన్‌ఖాన్ ఇక్కడికి వచ్చాడు. ఇంటి కోసమే ఇల్లు విడిచిన వారికి, గుమ్మంలో ఎదురుచూసే కళ్ల విలువ ఒకరు చెప్పాలా?

వరదంటే ఏమిటో కూడా ఈ ప్రాంతానికి తెలుసు. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర కలిసి విరుచుకుపడినప్పుడు రాజోలి, అలంపూర్ నీట మునిగాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అలాంటి వేళల్లో అధికారుల సాయం అందేలోగా పక్కింటివాడో, పడవ నడిపేవాడో, దారిన పోయేవాడో చేయి అందిస్తేనే ప్రాణాలు నిలుస్తాయి.

అలాగని ప్రతి ఒక్కరూ వరదలోకి దిగాలని కాదు. ఈత రాకుండా దూకితే కాపాడాల్సిన వారి సంఖ్య ఒకటి పెరుగుతుంది, అంతే. తాడో, గాలి నింపిన ట్యూబో, ఖాళీ డబ్బానో విసరడం, వెంటనే పోలీసులకు చెప్పడం... ఇవీ సాహసాలే. పారే నీటిలో బండి దించకుండా ఆగడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

ఆ రాత్రి మున్నేరు ఒడ్డున తొమ్మిది మంది బతికి బయటపడ్డారని పత్రికలు రాశాయి. ఇంటి దగ్గరున్న బిడ్డనడిగితే లెక్క మరోలా చెబుతుంది. వెళ్లినవాడితో కలిపి... పది!