ముడిమ్యాల పేజీని ఎవరైనా మార్చొచ్చు.. మరి నమ్మేదెలా? ఆన్‌లైన్ ‘పరపతి’ లెక్క ఇదీ!

రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలంలోని ముడిమ్యాలకు తెలుగు వికీపీడియాలో ఓ పేజీ ఉంది. అందులో సమాచారం మార్చాలంటే హోదా అక్కర్లేదు. ఫోన్, ఇంటర్నెట్ ఉంటే చాలు. మరి ఎవరైనా వచ్చి.. ఈ ఊరు వికారాబాద్ జిల్లాలో ఉందని రాసేస్తే?

పొరపాటుకు ఆస్కారం ఉంది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పరిగి, తాండూరు వికారాబాద్ జిల్లాలోకి వెళ్లాయి. చేవెళ్ల రంగారెడ్డిలోనే ఉండిపోయింది. కానీ ఈ మూడూ చేవెళ్ల లోక్‌సభ స్థానం కిందకే వస్తాయి. తెలియనివాళ్లు తికమక పడటం సహజం.

రచ్చబండ దగ్గర.. ఆన్‌లైన్‌లో..

ఊళ్లో రచ్చబండ దగ్గర ఎవరైనా ఓ మాట చెబితే.. ముందు చెప్పింది ఎవరో చూస్తారు. గతంలో అతని మాట నిలబడిందా, లేదా అన్నది అందరికీ తెలుసు. ఆన్‌లైన్‌లో ముఖం కనిపించదు. పేరు కూడా అసలుది కాకపోవచ్చు. అందుకే అక్కడ రికార్డే పరపతి.

2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో సభ్యులు చర్చించుకునే చోటు పేరు కూడా రచ్చబండే! అక్కడ మార్కులు ఇవ్వరు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ప్రతి పేజీ ‘చరిత్ర’లో ఉంటుంది. తప్పుడు మార్పు కనిపిస్తే వేరేవాళ్లు దాన్ని రద్దు చేయొచ్చు. చాలాకాలం సరిగ్గా పనిచేసినవాళ్లను సభ్యులే చర్చించి నిర్వాహకులుగా ఎన్నుకుంటారు.

పాయింట్లు ఇస్తే ఏమవుతుంది?

కొన్ని సైట్లు పరపతిని అంకెల్లో చూపిస్తాయి. 2008లో వచ్చిన స్టాక్ ఓవర్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ వాళ్లకు బాగా తెలిసిన సైట్. కొత్తవారు 1 పాయింట్‌తో మొదలవుతారు. సమాధానం నచ్చి ఒకరు ఓటేస్తే 10 పాయింట్లు. 15 వస్తేనే ఇతరులకు అనుకూల ఓటు వేసే హక్కు. వ్యతిరేక ఓటు వేయాలంటే 125 ఉండాలి. అంటే నమ్మకం పెరిగేకొద్దీ అధికారం పెరుగుతుందన్నమాట. నిన్న ఖాతా తెరిచి ఇవాళ అందరినీ కిందికి లాగడం కుదరదు.

ఇందులోనూ లొసుగులు ఉన్నాయ్. ఒకే మనిషి నాలుగు ఖాతాలు తెరిచి తనకు తానే ఓట్లు వేసుకోవచ్చు. స్నేహితులు ఒకరికొకరు మార్కులు పంచుకోవచ్చు. భయం కూడా పనిచేస్తుంది. ఈబేలో ఒకప్పుడు కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు ఒకరికొకరు రేటింగ్ ఇచ్చుకునేవారు. సరుకు బాలేదని చెబితే తమకూ చెడ్డ రేటింగ్ వస్తుందని కొన్నవాళ్లు నోరు మెదిపేవారు కాదు. చివరికి 2008లో అమ్మకందారులు కొనుగోలుదారులకు చెడ్డ రేటింగ్ ఇచ్చే వీలు లేకుండా ఈబే నిబంధన మార్చింది.

చూడాల్సింది ఏంటంటే..

పాయింట్లు ఎక్కువున్నంత మాత్రాన చెప్పిన ప్రతి మాటా నిజం కాదు. ఆ మనిషిని ఇన్నాళ్లూ ఎంతమంది మెచ్చుకున్నారో మాత్రమే అంకె చెబుతుంది. కోడింగ్‌లో వచ్చిన పేరు వైద్యం విషయంలో పనికిరాదు.

అందుకే స్కోరు ఒక్కటే చూడొద్దు. ఖాతా ఎప్పటిదో చూడండి. గతంలో ఏం రాశారో చూడండి. చెప్పినదానికి ఆధారం ఇచ్చారా, తప్పు చూపిస్తే సరిదిద్దుకున్నారా.. ఇవీ గమనించండి. ముడిమ్యాల ఏ జిల్లాలో ఉందో తేల్చేది వేల మార్పులు చేసిన సభ్యుడి పేరు కాదు.. ప్రభుత్వ ఉత్తర్వు. ఆ ఆధారం చూపిస్తే నిన్న చేరిన సభ్యుడి మాటైనా నిలబడాల్సిందే!