మీకు తెలుసా? లీసెస్టర్‌లో ముంగిలికీ ఓ రూలుంది

లీసెస్టర్‌లో ఇల్లు కొన్న మనవాళ్ళు తాళాలు చేతికి రాగానే ముందు చేసే పని ఏమిటంటే, ముంగిట్లో ఉన్న కాస్త గడ్డీ పీకించి కారు కోసం రాళ్ళు పరిపించడం. కలుపు తీసే బాధ తప్పుతుందంటారు. నిజమే. కానీ 2008 అక్టోబరు నుంచి ఇంగ్లండ్‌లో ఓ నిబంధన ఉంది. ముంగిట్లో 5 చదరపు మీటర్లు దాటి నీళ్ళు ఇంకని రాయో సిమెంటో పరిస్తే, పడ్డ వాన మన జాగాలోనే ఇంకే ఏర్పాటు ఉండాలి. లేదంటే కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి. 5 చదరపు మీటర్లంటే ఎంతో కాదు, రెండు డబుల్ కాట్లు పట్టేంత చోటు. కంకర గానీ నీళ్ళు ఇంకే రకం రాళ్ళు గానీ వేస్తే ఈ గొడవే లేదు.

ఎందుకింత పట్టింపు? ఇక్కడ వరదంటే సోర్ నది పొంగడం ఒక్కటే కాదు. గంటసేపు కుండపోత కురిస్తే భూమిలోని డ్రైనేజీ గొట్టాలు మింగలేవు, వీధే కాలవైపోతుంది. వీధి పొడవునా ముంగిళ్ళన్నీ మూసేస్తే ఆ నీళ్ళన్నీ పల్లంలో ఉన్నవాళ్ళ గడప తొక్కుతాయి. చెరువు పూడ్చి ప్లాట్లు వేయడం మనం చూసిందే కదా. ఇదీ అదే, కాకపోతే తలా పిడికెడు పూడుస్తున్నాం.

మా పక్కింటి గుజరాతీ పెద్దాయన మాత్రం చూరు గొట్టం కింద ఆకుపచ్చ పీపా పెట్టాడు. జులైలో ఆయన మెంతికూర మడికి ఆ నీళ్ళే.

వరద బెడద ఇక్కడ కొత్తదేం కాదు. మనం షికారుకు వెళ్ళే అబ్బీ పార్క్ ఒకప్పుడు వరదలో మునిగే పచ్చికబయలు. సోర్‌ను వెడల్పు చేసి వరదను అదుపుచేసే పనుల కోసం కొన్న నేలనే పార్కుగా తీర్చి 1882లో ప్రారంభించారు.

ఇక ఎండ సంగతి. 2022 జులై 19న బ్రిటన్‌లో మొట్టమొదటిసారి 40 డిగ్రీలు దాటింది. 40.3 నమోదైన కోనింగ్స్‌బీ, లీసెస్టర్ ఉన్న ఈస్ట్ మిడ్‌లాండ్స్‌లోనే ఉంది. నలభైకే ఇంత హడావుడా అని విజయవాడవాళ్ళు నవ్వుతారు. ఒక్కసారి ఇక్కడి ఇంట్లో పడుకుని చూడాలి! వసారా లేదు, సీలింగ్‌కి ఫ్యాను కొక్కెం లేదు, పడకగదేమో పైన పెంకుల కింద. చలికాలంలో వెచ్చదనం పోకూడదని కట్టిన ఇల్లది. లోపల కర్టెన్ లాగితే కొంత నయమే గానీ, అప్పటికే ఎండ అద్దం దాటేసింది. అద్దానికి బయటే నీడ పడాలి. మన తాతలు తడికలు గుమ్మం బయట కట్టింది అందుకే. పగలు లోపలికన్నా బయట వేడిగా ఉన్నంతసేపూ కిటికీలు మూసి, రాత్రి ముందూ వెనకా తెరిస్తే గాలాడుతుంది. ఇళ్ళు మరీ వేడెక్కకుండా కట్టాలన్న నిబంధన ఇంగ్లండ్‌లో 2022 జూన్‌లో వచ్చింది, అదీ కొత్త ఇళ్ళకే. నగరంలోని బెల్‌గ్రేవ్ పేటలో ఉన్న పాత టెర్రస్ ఇళ్ళకు దిక్కు తడికలే.

లీసెస్టర్ బస్ స్టాపుల మీద మొక్కలు చూసి ఎవరో కలుపు పీకడం మరిచారనుకునేరు. 2021 నుంచి నగరంలో 479 షెల్టర్లను మారుస్తూ, 30 షెల్టర్ల పైకప్పుల మీద కావాలనే పూలమొక్కలు పెంచారు. తేనెటీగలకు మేత, పైగా కొంత వానా అక్కడే ఆగుతుంది.

ఇక కొనడానికి ఇల్లు చూడబోతే గోడ అడుగున చిల్లుల ఇటుక ఉందేమో వంగి చూడండి. నేల కింద గాలాడటానికి పెట్టిన ఆ ఇటుకలోంచే వరద ముందుగా దూరుతుంది. నీళ్ళు రాగానే తనంతట తాను మూసుకునే రకమూ దొరుకుతోంది. కొత్త ఇల్లయితే నిశ్చింత అనుకోకండి. వరద ముప్పున్న ఇళ్ళకు బీమా అందుబాటు ధరలో దొరికేలా 2016లో మొదలైన 'ఫ్లడ్ రీ' పథకం, 2009 జనవరి 1 నుంచి కట్టిన ఇళ్ళకు వర్తించదు.