తీగ కొలతలు – విద్యున్నిరోధము

తిరువాలంగాటికి చేరువ పల్లెయందు మా మేనమామగారికి చిన్న తోట కలదు. ఇంటినుండి బావికి 100 మీటర్ల దూరము. ఒక అశ్వశక్తి మోటారునకు ఆయన 1 చదరపు మిల్లీమీటరు రాగితీగను వేయించిరి. మోటారు కొన్నాళ్లు మూలిగి వేసవి నడుమ కాలిపోయెను. కాయిలు చుట్టించి బిగించిరి, మరల కాలెను. “ఈ మోటారే మంచిది కాదురా అబ్బాయీ” అని మామగారు విసుగుకొనిరి. దోషము మోటారునందు లేదు, తీగ కొలతలయందు కలదు.

విద్యుత్తు ప్రవహించునపుడు తీగ దానిని కొంత అడ్డగించును. ఇదియే నిరోధము. మన పిల్లలు తమిళ పుస్తకములలో దీనినే ‘మిన్‌తడై’ యని చదువుదురు. మన ‘తడయు’ క్రియకు అది చుట్టమే. జర్మనీలోని కొలోను నగరమున బడిపంతులుగా నుండిన గేయోర్గ్ సైమన్ ఓమ్ వేర్వేరు నిడివుల తీగలతో ప్రయోగములు చేసి, 1827లో తన సిద్ధాంతమును గ్రంథముగా వెలువరించెను. ఆయన బడిపంతులని చెప్పుకొనుటలో నాకు గల సంతోషమును చదువరులు మన్నింతురు గాక!

నిడివి రెట్టింపైనచో నిరోధము రెట్టింపగును. ఇది పిల్లలకు వెంటనే బోధపడును. లావు మాట వచ్చునప్పటికి తడబడుదురు. వ్యాసము రెట్టింపైన నిరోధము సగమగునని తరగతిలో పలువురు చెప్పుదురు. అది సరికాదు. లెక్కకు వచ్చునది వ్యాసము కాదు, తీగను అడ్డముగా కోసిన ముఖము యొక్క వైశాల్యము. వ్యాసము రెండింతలైన వైశాల్యము నాలుగింతలగును. నాలుగు సన్నని తీగలను ప్రక్కప్రక్కన చేర్చి లాగినట్లే. కావున నిరోధము నాల్గవ వంతునకు దిగును.

ఇక మామగారి తోటకు వత్తము. 1 చదరపు మిల్లీమీటరు రాగితీగ మీటరు నిడివికి, 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, సుమారు 0.0172 ఓములు నిరోధించును. విద్యుత్తు పోవలెను, మరలి రావలెను. గనుక తీగ 100 కాదు, 200 మీటర్లు. ఈ సంగతి చాలమంది మరతురు. మొత్తము 3.44 ఓములు. మోటారు 7 ఆంపియర్లు తీసికొన్నచో 24 వోల్టులు త్రోవలోనే హరించును. 230 పోయి 206 మిగులును. తీగలో దాదాపు 170 వాట్లు వృథాగా వేడియగును. మోటారు కదలబోవు క్షణమున దీనికి పెక్కు రెట్లు విద్యుత్తు లాగును గాన లోటును పెరుగును. చాలినంత వోల్టేజి లేక అది తిరుగజాలక మూలుగును, లోపలి చుట్లు కాగిపోవును.

అదే దూరమునకు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నిరోధము 0.86 ఓములు, లోటు 6 వోల్టులు మాత్రమే. రాగి బరువు నాలుగింతలు, వెలయు నట్లే. ఆ వెలకు జంకియే మామగారు సన్నతీగ కొనిరి. రెండు మార్లు చుట్టించిన కూలి ఆ ఆదాను మ్రింగినది. లావుతీగ వేసిన పిమ్మట ఆ మోటారే నీరు తోడుచున్నది.

తీగ కొనువారు గేజి సంఖ్యను చూచి మోసపోరాదు. సంఖ్య పెరిగినకొలది తీగ సన్నమగును. 18 గేజి తీగ వ్యాసము 1.22 మిల్లీమీటర్లు కాగా 20 గేజిది 0.91 మాత్రమే. ఈ స్వల్పభేదమునకే నిరోధము దాదాపు 1.8 రెట్లగును.

మన రైలుస్టేషనులో పట్టాలపై వ్రేలాడు రాగితీగను చూచినవారికి లావనగా నేమో తెలియును. దాని వైశాల్యము 107 చదరపు మిల్లీమీటర్లు, అనగా చిటికెన వ్రేలంత. ఆ లావు విద్యుత్తు కొరకే కాదు; ఇంజను చేయి రాచుకొని పోవుచుండ అరిగినను తెగకుండుటకును.