ఉప్పుగాలిలో పాతబండి

వెనుకటి రోజుల్లో నెల్లూరు సీమ రైతు సంతలో ఎద్దును బేరమాడే ముందు దాని నోరు తెరచి పళ్లు చూచేవాడు. పళ్లను బట్టి వయస్సు తెలిసేది. అంతటితో తృప్తిపడక దానిని నాలుగడుగులు నడిపించి గిట్ట ఎట్లా పడుతున్నదో గమనించేవాడు. కాడి ఒరసిన మెడను చేతితో తడిమి చూచేవాడు. వయస్సు వేరు, సత్తువ వేరు అని ఆయన ఎరుగును. పశువు గుణం తెలిసిన సీమ ఇది. ఇక్కడి ఒంగోలు జాతి పశువులు సముద్రాలు దాటి బ్రెజిల్ దేశం చేరి, నేటికీ అక్కడ నెల్లూరు పేరుమీదనే ‘నెలోర్’ అని పిలువబడుతున్నాయి.

ఆ ఎద్దు లాగిన బరువులో పెద్దభాగాన్ని ఇప్పుడు చిన్న ట్రక్కు లాగుతున్నది. జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నం మొదలుకొని పులికాటు సరస్సు పర్యంతం ఏ తీరగ్రామంలో చూచినా ఈ బండే కనిపిస్తుంది. చేపల పెట్టెలు, ఐసుగడ్డలు, రొయ్యల మేత బస్తాలు, ఇసకపల్లి ఉప్పు, అన్నీ దానిమీదనే ఎక్కవలె. తెల్లవారకముందే జాతీయ రహదారి పట్టి నెల్లూరుకో, చెన్నపట్నానికో పరుగెత్తేది అదే. ఒక్కొక్క కుటుంబానికి అదే కాడి, అదే మేడి. మరి దీని పళ్లు చూచేవారెవరు?

చూచే అధికారి లేకపోలేదు. చట్టంలో ఆయన మోటారు వాహనాల తనిఖీ అధికారి. జనం నోట ‘బ్రేకు ఇన్‌స్పెక్టరు’. ఆ పరీక్షను బండ్లవారు ‘ఎఫ్.సి.’ అంటారు. బాడుగకు తిరిగే బండికి యోగ్యతాపత్రం ఉండవలెనన్న నియమం 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోనే ఉన్నది. 1988 నాటి చట్టం దానిని కొనసాగించినది. 2018లో జరిగిన సవరణ ప్రకారం ఎనిమిదేండ్లలోపు బండికి ఈ పత్రం రెండేండ్లకొకసారి, ఎనిమిదేండ్లు దాటిన బండికి ఏటేటా మార్చుకోవలసి ఉన్నది. పదిహేనేండ్లు దాటితే పరీక్షకు చెల్లించే రుసుము బాగా పెరిగేటట్లు 2022 ఏప్రిల్ 1 నుంచి మరొక సవరణ అమలులోకి వచ్చినది. ప్రభుత్వ వాహనాల సంగతి ఇంకా కఠినం. సైన్యం, శాంతిభద్రతల వంటి ప్రత్యేక అవసరాలకు వాడేవి మినహా పదిహేనేండ్లు నిండిన సర్కారు బండ్ల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి సాగదు. చేపల బండికి అటువంటి గడువు లేదు. పరీక్షలో నెగ్గినంత కాలం అది తిరుగవచ్చు.

ఈ లెక్క అంతా సంవత్సరాలతో నడుస్తున్నది. కాని సముద్రతీరాన బండి ముదిరేది సంవత్సరాల వల్ల మాత్రమే కాదు, ఉప్పు వల్ల. ఇనుము తుప్పుపట్టడానికి గాలి, తేమ రెండూ కావలె. ఆ తేమలో ఉప్పు కరిగి ఉంటే విద్యుత్తు సులభంగా ప్రసరిస్తుంది. ఇనుమును తినివేసే రసాయనక్రియ వేగం పుంజుకుంటుంది. పుట్టిన తుప్పు తనకు జన్మనిచ్చిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పైనున్న రంగు పొక్కులుగా లేస్తుంది. ఆ పగుళ్లలో మళ్లీ ఉప్పునీరు చేరుతుంది. ఢిల్లీలోని ఇనుపస్తంభం దాదాపు 1600 ఏండ్లుగా చెక్కుచెదరక నిలిచి ఉన్నదంటే, భాస్వరం ఎక్కువగా గల ఆ ఇనుముపై ఏర్పడిన రక్షకపు పొర, అక్కడి పొడిగాలి అందుకు తోడ్పడినాయి. మన తీరపు బండికి ఆ రెండు భాగ్యాలూ లేవు. పైగా చేపల పెట్టెలనుంచి కరిగి కారే ఐసునీరు రోజూ దాని ఛాసిస్‌ను అభిషేకిస్తూ ఉంటుంది.

అందుచేత పరీక్షలో బండి తడబడే తీరు ఏడేడు మారుతుంది. మొదటి సంవత్సరాలలో దొరికేవి చిన్న లోపాలు: వెలగని దీపం, మోగని హారను, ఊడిన ప్రతిఫలకాలు. తరువాత టైర్ల వంతు. వాటి గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నియమం. ఆపైన కమాను పట్టీలు వాలుతాయి, స్టీరింగులో వదులు పుడుతుంది, ఒక చక్రం పట్టిన బ్రేకు మరొక చక్రం పట్టదు. బ్రేకు నూనె తేమను పీల్చుకునే స్వభావం గలది. ఏండ్ల తరబడి మార్చకపోతే అది మరిగే ఉష్ణోగ్రత దిగజారి, అవసర సమయాన పెడలు మెత్తగా కుంగిపోతుంది. చివరకు తుప్పు బ్రేకు గొట్టాలను, ఛాసిస్‌ను పట్టుకుంటుంది. అవి అడుగున ఉంటాయి; నిలబడి చూచేవానికి కనబడవు.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. ఎఫ్.సి. గడువు దగ్గరపడగానే కొందరు తుప్పుపట్టిన రేకుమీద లప్పం మెత్తి రంగు వేయిస్తారు. ఆ ఒక్క పూటకు మంచి టైర్లు ఎరువు తెచ్చి బిగిస్తారు. పత్రం చేతికి రాగానే టైర్లు వెనక్కు పోతాయి. పరీక్ష నెగ్గినది బండి కాదు, దాని వేషం. మరునాటినుంచి వీథిలో తిరిగేది వేషం తీసిన బండి.

ఆ బండి వేగంలో ఒక చిన్న గణితం ఉన్నది. విద్యార్థులు వేసి చూచుకోవచ్చు. బ్రేకు వేసిన తరువాత బండి ఆగడానికి పట్టే దూరం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగాన బండి ఎంత దూరంలో ఆగుతుందో, 60 కిలోమీటర్ల వేగాన అందుకు నాలుగింతల దూరం కావలె. బ్రేకు సగమే పట్టితే ఆ దూరం మళ్లీ రెండింతలు. రహదారి ఓరన బడికి నడచిపోయే పిల్లవానికీ, చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే తల్లికీ ప్రాణం ఆ నాలుగు బారల లోపలనే ఉన్నది.

ఇతర దేశాల అనుభవమూ ఇదే. బ్రిటన్‌లో 1960లో పదేండ్లు దాటిన బండ్లకు తప్పనిసరి పరీక్ష పెట్టినారు. తప్పినవి చాలా ఉండడం చూచి మరుసటి ఏడే ఆ వయస్సును ఏడేండ్లకు, 1967లో మూడేండ్లకు తగ్గించినారు. కంటికి కనబడని లోపం వెదికినప్పుడే బయటపడుతుందని వారు గ్రహించినారు. మన దేశంలో యంత్రాల సాయంతో పరీక్షించే కేంద్రాలకు 2021లో నియమాలు వచ్చినాయి. ఆ యంత్రం ప్రతి చక్రపు బ్రేకు బలాన్నీ అంకెల్లో చూపుతుంది. అంకెకు లప్పం మెత్తడం సాధ్యం కాదు.

అయితే బండి యజమాని పక్షాన చెప్పవలసిన మాట కూడా ఉన్నది. వేట నిషేధపు రోజుల్లో ఆయనకు బాడుగలు సన్నగిల్లుతాయి. పరీక్షనాడు కూలి పోతుంది, రుసుము పడుతుంది, తప్పితే మరమ్మతు ఖర్చు మీద పడుతుంది. కొత్తబండి కొనే స్తోమత లేకనే ఆయన పాతదానిని అంటిపెట్టుకుని ఉన్నాడు. ఇట్టివానికి మేలుచేసేది వేషం కాదు, నిత్యసేవ. సరకు దించిన వెంటనే మంచినీటితో బండి అడుగుభాగం కడగడం, నీరు నిలువకుండా రంధ్రాలు శుభ్రంచేయడం, గీత పడినచోట వెంటనే రంగు పూయడం, గ్రీజు మరువకపోవడం, ఇవి కొద్ది ఖర్చుతో అయ్యే పనులు. బ్రేకు ఇన్‌స్పెక్టరు లోపాలు వ్రాసి ఇచ్చిన కాగితం శిక్షాపత్రం కాదు. వైద్యుడు వ్రాసి ఇచ్చిన మందుచీటీ వంటిది.

తెలిసిన రైతు ముసలి ఎద్దును ఒక్కసారిగా కటికవానికి అప్పగించలేదు. దున్నడం మాన్పించి తేలికపాటి పనులకు కట్టినాడు. పాతబండినీ చెన్నపట్నం దారి మాన్పించి ఊరి పొలిమేరలో తిప్పుకోవచ్చు. కాని ఏ పనికి కట్టినా దానికి బ్రేకు పట్టవలె, స్టీరింగు మాట వినవలె. అదీ సాగనినాడు శాస్త్రోక్తంగా విడదీసి ఇనుమును తిరిగి కరగించే కేంద్రాలకు 2021 విధానం దారి చూపినది. వృద్ధాప్యం బండికి దోషం కాదు. దానిని రంగుపూతతో కప్పి నలుగురు నడిచే బాటమీదికి తోలడమే దోషం.