నీటి ముంపున పైరు

అతివృష్టివలన నల్లరేగడి చేలలో నీరు నిలిచినపుడు కంది, మొక్కజొన్న మొదలగు మెట్టపైరులు నీటి నడుమనే వడలిపోవుట వింతగా దోచును. కాని ప్రాణవాయువు గాలిలోకంటె నీటిలో సుమారు 10,000 రెట్లు మందగతిని వ్యాపించుటచే, మట్టిరంధ్రములు నీటితో నిండిన కొలదికాలమునకే వేళ్లకు ఊపిరి యాడక, నీటిని పోషకములను గ్రహించు శక్తి సన్నగిల్లును. అంతట పత్రరంధ్రములు మూసికొని బొగ్గుపులుసుగాలి లోనికి రాకుండుటయు, నత్రజని కొరవడి ముదురాకులు ముందుగా పసుపువారుటయు సంభవించి, కిరణజన్యసంయోగక్రియ క్షీణింపగా పెరుగుదల నిలిచిపోవును. వరి మాత్రము తన దేహమందలి గాలిగదులద్వారా వేళ్లకు ప్రాణవాయువును చేర్చుకొనగలదు. అయినను పూర్తిగా మునిగినచో నదియు నశించును. అయితే మారుటేరున పుట్టిన స్వర్ణయను వరివంగడమునకు ఒడిశా దేశవాళి వరినుండి సబ్1 జన్యువును చేర్చి రూపొందించిన స్వర్ణ సబ్1 సుమారు రెండువారముల మునకను సహింపగలదు. మెట్టపైరులకు అట్టి రక్షణ యరుదు గనుక, రైతుసోదరులారా, వానలకు ముందే మురుగుకాల్వలు త్రవ్వుడు.